పసుపు కలిపిన పురుగులు

పాత ఫ్రిజ్‌ను ఇంట్లోంచి పంపించేసిన రోజు వంటింట్లో ఉన్నవాళ్లం నలుగురం: నేను, అమ్మ, నానమ్మ, పాత సామాన్లు కొనే ఆయన. ఉన్న వస్తువులు: తలుపు సరిగ్గా పడని సింగిల్ డోర్ ఫ్రిజ్ ఒకటి, దాన్ని కట్టడానికి తెచ్చిన కొబ్బరి తాడు, ఫ్రిజ్ జరిపినప్పుడు గోడవారన బయటపడ్డ రెండు గరిటెలు, గోలీలా ఎండిపోయిన నిమ్మకాయ, పదో తరగతిలో నేను పోగొట్టుకున్న జామెట్రీ బాక్సు మూత. కొనే ఆయన బరువు తగ్గించుకోవడానికి లోపలి అరలు ఒక్కొక్కటే ఊడదీసి నేల మీద పెడుతున్నాడు. అన్నిటికన్నా కిందుండే కూరగాయల ట్రేను లాగి వెలుగులోకి ఎత్తి, "ఇదేంటమ్మా, ఇంత పసుపు మరక. కూర ఒలికిందా?" అని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. నేను నానమ్మ వైపు చూశాను. ఎనభై ఆరేళ్ల నానమ్మ కుర్చీలోంచి కదలకుండానే, "కూర కాదు నాయనా, పురుగులు," అంది. ఆయన ట్రేను మెల్లగా కింద పెట్టి, రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆ పురుగులకు పూర్తి బాధ్యత నాది. అప్పుడు నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. భవానీపురంలో ఇదే ఇల్లు. నాన్న గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో మేనేజరు. తాతయ్య లక్ష్మీనరసింహం హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు రెండు అలవాట్లుండేవి. పొద్దున్నే పేపరులో అచ్చుతప్పులు ఎర్ర పెన్నుతో దిద్దడం ఒకటి, ఆదివారం గాలం వెయ్యడం రెండోది. గాలానికి వెళ్లేటప్పుడు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకునేవాడు. చేపకు పెన్నెందుకని నానమ్మ అడిగితే, "దారిలో ఎవరైనా అర్జీ రాయమంటే?" అనేవాడు. ఆ వర్షాకాలం చివర్లో ఆయన కుడిచేతికి పక్షవాతం తగిలింది. మాటా నడకా రెండు వారాల్లో తిరిగొచ్చాయి. వేళ్లు మాత్రం రాలేదు. చెయ్యి లేచేది, పిడికిలి బిగిసేది. కానీ బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఒక చిన్న వస్తువును పట్టుకోవాలంటే, ఒకరినొకరు ఎరగనట్టు ఎటువాళ్లటు పోయేవి.

ఇంతలో బ్యాంకులో సంతకం కలవలేదు. కౌంటర్ వెనకున్న ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "మాస్టారూ, ఇబ్బంది పడకండి. వేలిముద్ర వేసెయ్యండి, ఇద్దరు సాక్షులు పెడితే సరిపోతుంది," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తాతయ్య పెన్నుకు మూత పెట్టేశాడు. ఉద్యోగం చేసినంతకాలం ఆయన బడి అయ్యాక సాయంత్రాలు పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని సంతకాలు నేర్పేవాడు. కూలీలు, పడవవాళ్లు, కూరగాయలమ్మే ఆడవాళ్లు. "బాబూ, ఈ ఊళ్లో ఇంకు డబ్బా అవతల పారేయించింది నేను. ఇప్పుడు నా వేలే అందులో ముంచమంటావా," అన్నాడు. ఆ కుర్రవాడు నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. "మీ ఎదురుగా కొత్త కార్డు పెడతానండీ. దాని మీద మూడు సంతకాలు. పాతదానిలా ఉండక్కర్లేదు. మూడూ ఒకదానిలా ఒకటుండాలి. లేకపోతే ఇక వేలిముద్రేనండి, నా చేతిలో లేదు." ఇంటికొచ్చాక తాతయ్య నా ల్యాబ్ రికార్డు వెనక పేజీలో సంతకం పెట్టి చూసుకున్నాడు. "ల" బానే వచ్చింది. "క్ష్మీ" దగ్గర పెన్ను పక్కకు జారి, పేజీ అంచు దాటి బల్ల మీదకు పోయింది.

ఫిజియోథెరపీ చేసే ఆయన నాలుగు పనులు చెప్పాడు. తాతయ్య నాలుగూ తిరస్కరించాడు. రబ్బరు బంతి పిసకమంటే, పిసికి ఏం సాధిస్తానన్నాడు. పళ్లెంలో ఆవాలు ఏరమంటే, ఏరినవి మళ్లీ అందులోనే పోస్తారు గదా, ఇదేం పని అన్నాడు. బట్టల క్లిప్పులు తీగకు పెట్టమంటే ఎదురింటివాళ్లు చూస్తారన్నాడు. చొక్కా గుండీలు పెట్టి తియ్యమంటే, పెట్టినవాటిని ఎందుకు తియ్యాలో చెప్పమన్నాడు. వాదనలో ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు. వేళ్లు ఓడిపోతుండేవి.

దారి చూపించింది సాంబయ్యగారు. ఇబ్రహీంపట్నంలో కరెంటు తయారుచేసే చోట ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, తాతయ్యకు ఆదివారం జత. నది దగ్గర స్నానాల ఘాట్ దాటాక పడమటి వైపు మెట్లూ జనమూ లేని గట్టు మీద ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఒక ఆదివారం, ఊరికే నీళ్లు చూసొస్తానంటే తాతయ్యను నేను తీసుకెళ్లాను. సాంబయ్యగారు గాలానికి మామూలుగా వానపాములో, గోధుమపిండి ముద్దో గుచ్చేవాడు. ఆ రోజు ఊరగాయ సీసాలో ఇంకేదో తెచ్చాడు. అన్నం మెతుకంత లావున్న తెల్లటి పురుగులు, ఈగ పిల్లలు, తవుడులో లుకలుకలాడుతున్నాయి. చలికాలం నీళ్లలో చిన్న పరిగె చేపలు వానపాము జోలికి రావనీ, దీన్ని మాత్రం వదలవనీ చెప్పి సీసా తాతయ్య ముందు పెట్టాడు.

"మాస్టారూ, ఒకటి గుచ్చండి."

"ఈ చేత్తోనా?"

"మీకున్నవి రెండే గదండీ. ఎడంచేత్తో గాలం పట్టుకోండి. కుడిచేత్తో పురుగును పట్టుకోండి. గట్టిగా నొక్కితే చిట్లుద్ది, వదులుగా పడితే జారుద్ది. అంతే."

మొదటిది చిట్లింది. రెండోది జారి గడ్డిలో పడింది. మూడోది తాతయ్య వేళ్ల మధ్య మెలికలు తిరుగుతూ కాసేపు నిలిచింది. ఆయన నోరు కొద్దిగా తెరిచి, పిల్లల పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు దాన్నే చూస్తున్నాడు. ముల్లుకు గుచ్చలేకపోయాడు. ఇంకోటి తీశాడు. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అదే పని. నీళ్ల మీద బెండు రెండుసార్లు మునిగినా తల తిప్పలేదు. ఇంటికొచ్చేటప్పుడు స్కూటరు మీద నా వెనక కూర్చుని, "రేపు కూడా ఇవి కావాల్రా కిట్టూ," అన్నాడు. నాకు విషయం అప్పుడే తట్టింది. ఆవగింజ ఎంత నొక్కినా ఊరుకుంటుంది, ఎంత వదులుగా పట్టుకున్నా ఊరుకుంటుంది. పురుగు ఊరుకోదు. పట్టు ఎక్కువైందో తక్కువైందో ఆ క్షణంలోనే చెబుతుంది. మా కాలేజీలో దీన్ని ఫీడ్‌బ్యాక్ అని ఒక సెమిస్టరంతా చెప్పారు, నాకు ఎక్కలేదు. సాంబయ్యగారి సీసాతో ఎక్కింది.

సమస్య నిల్వ. సాంబయ్యగారు వారానికి ఒక్కసారే వస్తాడు. పురుగు మామూలు వేడిలో నాలుగు రోజుల్లో గోధుమరంగు గింజలా గట్టిపడుతుంది, ఆ తర్వాత అందులోంచి ఈగ వస్తుంది. దాన్ని పురుగుగానే ఉంచాలంటే నిద్రపుచ్చాలి, అంటే చల్లగా ఉంచాలి. మరీ చల్లగా ఉంచితే చస్తుంది. డబ్బా మూతకు సూదితో బెజ్జాలు పొడవాలి. తవుడు పొడిగా ఉండాలి. ఎందుకంటే పొడి పురుగు నున్నటి గోడ ఎక్కలేదు గానీ, తడి పురుగు ఎక్కేస్తుంది. రోజూ ఒకసారి జల్లెడ పట్టి చచ్చినవాటిని తీసెయ్యాలి, లేకపోతే మిగతావి పాడవుతాయి. నేను ల్యాబ్ నుంచి థర్మామీటరు అరువు తెచ్చి ఫ్రిజ్‌లో అర అరకూ పదేసి నిమిషాలు పెట్టి రాసుకున్నాను. తలుపులో తొమ్మిది డిగ్రీలు, మధ్య అరలో ఆరు, అడుగున కూరగాయల ట్రేలో పది. పురుగులకు కావలసిన మూడు నాలుగు డిగ్రీలు ఇంట్లో ఒక్కచోటే ఉన్నాయి. అది ఐస్ పెట్టె కింది పళ్లెం. అక్కడ అమ్మ పాల ప్యాకెట్లు పెట్టుకునేది. అంత సాహసం నేను చెయ్యలేదు. లోపలి చక్రాన్ని మూడు నుంచి అయిదుకు తిప్పాను. కూరగాయల ట్రే ఆరు డిగ్రీలకు దిగింది. ఒక స్వీట్ల డబ్బాలో పురుగులు పోసి, కొత్తిమీర కట్ట వెనక పెట్టాను. అందులోంచి రోజూ కొన్ని స్టీలు పళ్లెంలో పోసి తాతయ్య గదికి తీసుకెళితే, ఆయన ఒక్కొక్కటే వేళ్లతో ఏరి పక్కన పెట్టేవాడు.

ఇంత ధైర్యం రావడానికి కారణం నాన్న భవానీ దీక్షలో ఉండటం. నలభై ఒక్క రోజులు ఎర్రబట్టలు, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక. ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. దీక్షలో ఉన్నాయన్ని భార్యాబిడ్డలతో సహా అందరూ "భవానీ" అనే పిలవాలి. దీక్షాపరుడికి కోపం రాకూడదు, వచ్చినా మాట తూలకూడదు. నియమాలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ నలభై ఒక్క రోజుల్లో ఏమేం చెయ్యొచ్చో ముందే ఒక జాబితా రాసుకున్నాను. మార్కుల మెమో చూపించడం అందులో మొదటిది. పురుగులు ఆ జాబితాలో లేవు, మధ్యలో చేరాయి.

డబ్బా పెట్టిన నాలుగో రోజున పట్టుబడ్డాను. ఫ్రిజ్ చల్లదనం పెరిగి పెరుగు మీద మంచు పొర కట్టడంతో అమ్మకు అనుమానమొచ్చింది. జల్లెడలో పిండి కాక తవుడు అంటుకుని కనిపించడంతో అది బలపడింది. ట్రే లాగింది. అమ్మ అరవలేదు. డబ్బాను రెండు వేళ్లతో ఎత్తి తెచ్చి హాల్లో, చాప మీద కూర్చుని జపం చేసుకుంటున్న నాన్న ముందు పెట్టి మూత తీసింది.

నాన్న చూశాడు. మొహం బట్టల రంగులోకి వచ్చింది. కళ్లు మూసుకుని ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"నాన్నా, అవి..." అన్నాను.

"భవానీ అను."

"భవానీ, అవి నిద్రపోతున్నాయి."

"దీక్ష ఉన్న ఇల్లు ఇది. అన్నం పెట్టుకునే ఫ్రిజ్ అది. వీటిని దేని మీద పెంచారు?"

అబద్ధం చెప్పొచ్చని నాకు తోచలేదు. "కోడి పేగుల మీద," అన్నాను. అమ్మ గోడకు ఆనుకుంది. నాన్న మళ్లీ కళ్లు మూసుకుని, చాలా మెల్లగా, "ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది. ఆ తర్వాత నీతో మాట్లాడతాను," అన్నాడు. ఆ మాట ఆయన ఏడాది మొత్తంలో అరిచిన అరుపులన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

అప్పుడు తాతయ్య లోపల్నించి వచ్చాడు. తప్పు నాదీ కాదు, పురుగులదీ కాదు, తనదన్నాడు. నెలాఖరులోగా వేళ్లు పనిచెయ్యకపోతే బ్యాంకులో ఇంకు పూసుకోవాలనీ, ఈ పురుగులు తప్ప ఇంకేదీ తనతో పని చేయించలేకపోతోందనీ చెప్పాడు. ఆయన ఇంట్లో ఒక విషయం ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నాన్న జీవహింస అని మాత్రం గొణిగాడు. దాంతో నానమ్మ కూర తరుగుతున్న కత్తిపీట వదిలేసి వచ్చింది.

"నువ్వు పుట్టినప్పట్నించీ బియ్యంలో పురుగులు ఏరి పారేస్తున్నాను భవానీ. నీకు అన్నం వండి పెట్టడానికే. అప్పుడెవరూ హింసని నాతో అనలేదు."

"అది వేరమ్మా."

"ఎట్లా వేరు? అవి నీ బియ్యం తిన్నాయి. ఇవి కోడి పేగులు తిన్నాయి. తప్పంతా తిండిలో ఉంది. తిండి మారిస్తే సరిపోద్ది."

తీర్పు అక్కడికక్కడే వచ్చేసింది. కోడి మీద పెరిగినవి ఆ పూటే గడప దాటాలి. ఇక మీదట ఇంట్లోకి వచ్చే పురుగు శుద్ధ శాకాహారిగా పెరిగినదై ఉండాలి. పట్టిన చేపను పట్టిన చోటే వదిలెయ్యాలి, ఒక్క పొలుసు కూడా ఇంటికి రాకూడదు. జల్లెడ కొత్తది నేనే కొనాలి. డబ్బా కూరగాయల ట్రేలో ఉండొచ్చు, అయితే మూత మీద బట్ట కట్టాలి. "భవానీ, సరేనా?" అని అడిగింది. నాన్న జపమాల అందుకున్నాడు. మా ఇంట్లో దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క.

శాకాహార పురుగును తయారుచెయ్యడం చెప్పినంత సులువు కాదు. మేడ మీద పాత బకెట్‌లో తవుడు, పులిసిన మజ్జిగ, మిగిలిన అన్నం, చిటికెడు ఈస్ట్ కలిపి పెట్టాను. మొదటిసారి ఎండకు పైన అట్ట కట్టి, ఈగలు అటు తొంగి చూడలేదు. నాలుగు రోజులు వృథా అయ్యాయి. ఆ నాలుగు రోజులూ తాతయ్య ఖాళీ పళ్లెం ముందు కూర్చుని వేళ్లు మూసి తెరుస్తూ ఉండేవాడు. నాలుగో రోజు సాయంత్రం సంతకం పెట్టి చూస్తే పెన్ను మళ్లీ బల్ల మీదకు పోయింది. రెండోసారి తడి గోనె కప్పాను. నాలుగు రోజులు దాటిన దోసెల పిండి వాసన మేడంతా పట్టుకుంది. ఈగలు బారులు కట్టాయి. అయిదు రోజుల తర్వాత గోనె ఎత్తితే తవుడంతా కదులుతోంది. అమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయి, "నా కొడుకు ఇంజినీరవుతాడనుకున్నాను," అంది. ఎవరితో అందో తెలియదు, చుట్టుపక్కల నేనూ ఈగలూ తప్ప ఎవరూ లేం.

వాటిని డబ్బాలోకి మార్చిన మర్నాడు పొద్దున మూత తీస్తే పురుగులన్నీ పచ్చగా ఉన్నాయి. తవుడు పచ్చగా ఉంది. డబ్బా పట్టుకుని నానమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"నానమ్మా, ఇందులో ఏం వేశావు?"

"పసుపు. గుప్పెడు."

"బియ్యంలో పురుగు పట్టకుండా వేసే పసుపును పురుగులకే వేశావా?"

"శుద్ధికి వేశాన్రా. ఎంత మజ్జిగలో పెరిగినా పురుగు పురుగే గదా. దీక్ష ఉన్న ఇల్లు."

చస్తాయని సాయంత్రం దాకా కూర్చుని కాపలా కాశాను. ఒక్కటి కూడా చావలేదు. పైగా వాసన తగ్గింది. తాతయ్యకు స్టీలు పళ్లెంలో తెల్ల పురుగు సరిగా ఆనేది కాదు, పసుపుది మెరుస్తూ కనిపించేది. ఆదివారం గట్టు మీద ఇంకో సంగతి తేలింది. తాతయ్య గాలానికి పరిగెలు వరసగా తగులుతున్నాయి, రెండు గజాల అవతల సాంబయ్యగారి బెండు నిద్రపోతోంది. తాతయ్య పట్టిన ప్రతి చేపనూ చూసుకుని, మెల్లగా ముల్లు తీసి నీళ్లలో వదిలేస్తున్నాడు. ముల్లుకుండే కొక్కిని నేను పట్టకారుతో నొక్కి చదును చేసిపెట్టాను, కాబట్టి చేపకు పెద్దగా గాయం కాదు. సాంబయ్యగారు మొదట పురుగుల వైపు చూశాడు, తర్వాత నీళ్లలోకి పోతున్న చేపల వైపు చూశాడు.

"మాస్టారూ, ఏం కలిపారు?"

"మా ఆవిణ్ని అడగాలి."

"కలిపిందేదో కలిపారు, పట్టినవాటిని పారేస్తారేంటండీ? నా సంచీలో వెయ్యండి."

"కుదరదయ్యా. మా ఇంట్లో తీర్పు అట్లా వచ్చింది."

ఆ మరుసటి ఆదివారం నించి నానమ్మ సాంబయ్యగారికి కూడా ఒక పొట్లం పసుపు కట్టి పంపేది. ఎంత కలపాలో రాసివ్వమని నేనడిగితే, గుప్పెడంటే గుప్పెడేనంది. ఆమె గుప్పెడు ఎన్ని గ్రాములో నేను మూడుసార్లు తూచాను. మూడుసార్లూ వేర్వేరుగా వచ్చింది.

ఒక నేరం మాత్రం ఫ్రిజ్ అమ్మిన రోజు దాకా నా కడుపులోనే ఉండిపోయింది. ఒకరోజు అమ్మ కడిగిన కొత్తిమీర నీళ్లు కారుతుండగానే ట్రేలో పెట్టింది. చుక్కలు బెజ్జాల్లోంచి డబ్బాలోకి దిగాయి. తడిసిన పురుగులు గోడ ఎక్కి, బట్ట అంచు కింద నుంచి బయటపడి, పక్కనున్న కాలీఫ్లవర్‌లో సర్దుకున్నాయి. కాలీఫ్లవర్‌లో పురుగులుండటం అమ్మకు కొత్త కాదు గనక నేరుగా పువ్వు పట్టుకుని వీధిలో కూరగాయల బండి దగ్గరికి వెళ్లింది. నేను కిటికీలోంచి విన్నాను. "ఇవేం పురుగులయ్యా, ఇంత పచ్చగా ఉన్నాయి?" అంది. బండి ఆయన ఒకదాన్ని గోటితో ఎత్తి చూసి, "ఈ ఏడు కొత్త మందేదో కొడుతున్నారమ్మా, దానివల్లేమో," అని ఇంకో పువ్వు ఇచ్చాడు. ట్రే మరక బయటపడిన రోజున అమ్మకు ఈ సంగతి చెప్పాను. అమ్మ "ఆ బండి ఆయన అప్పట్నించీ నాకు రెండు నెలలు మంచి పువ్వులే ఏరి ఇచ్చాడురా," అంది. సిగ్గుపడిందో, సంతోషించిందో తెలియలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ సెన్సర్లు పెట్టడం. మిర్చి, రొయ్యలు, మందులు, ఒక్కోదానికి ఒక్కో డిగ్రీ. అర డిగ్రీ తేడా వస్తే నా ఫోన్ మోగుతుంది, నేను వెళ్లకుండానే ఇక్కణ్నించి సరిచేస్తాను. అప్పుడు ఒక్క థర్మామీటరు, దాన్ని అరువు తెచ్చినవాడు, అడ్డదిడ్డంగా తలుపు తీసే ఇంటిల్లిపాదీ ఉండేవాళ్లు. అయినా ఆ డబ్బాలో ఏముందో, ఎందుకుందో ఇంట్లో ప్రతివాళ్లకూ తెలుసు. ఇప్పుడు నేను కాపలా కాసే గదుల్లో సగం వాటిలో ఏముందో నాకు తెలియదు, తెరమీద అంకె తెలుసు. నేనిచ్చే సర్టిఫికెట్ కింద నా సంతకం ఒక బొమ్మ, బటన్ నొక్కితే వచ్చి కూర్చుంటుంది, ఎప్పుడూ వణకదు. తాతయ్య ప్రాణం పోయినా వెయ్యనన్న వేలిముద్రను నేను ఫోన్ తెరవడానికి వేస్తున్నాను, ఆఫీసు తలుపుకు వేస్తున్నాను, సిమ్ కార్డుకు వేశాను. ఆయన ఉండుంటే ఏమనేవాడోనని అప్పుడప్పుడూ అనుకుంటాను. బహుశా ఆ యంత్రానికి కూడా సాయంత్రం బడి పెట్టేవాడు.

నెలాఖరు రోజు పొద్దున తాతయ్య చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. అయిదు నిమిషాలు పట్టింది, ఎవరూ చూడనట్టు నటించాం. గవర్నర్‌పేట బ్యాంకులో పని కాగానే అట్నించి అటే గట్టుకు వెళ్లాలని, డబ్బాను తడి గుడ్డలో చుట్టి నా సంచీలో పెట్టుకున్నాను. హాలంతా పెన్షనర్లు. మా వంతు వచ్చాక ఆఫీసరు కొత్త కార్డు పెట్టి పెన్ను అందించాడు. తాతయ్య తన పెన్నే తీసుకున్నాడు. మొదటి సంతకం చక్కగా పడింది. రెండోదీ పడింది. మూడోదానిలో "క్ష్మీ" దగ్గర వేళ్లు ఒక్కసారి బిగుసుకుపోయి పెన్ను కిందికి లాగేసింది. కార్డు మీద పొడుగ్గా గీత.

ఆఫీసరు గీత వంక చూడకుండా సొరుగు తీశాడు. "ఇంకో కార్డు ఇస్తానండీ మాస్టారూ. మూడో కార్డు మాత్రం అడగకండి, మేనేజరుగారికి నేను చెప్పుకోలేను. కాసేపు కూర్చుని రండి."

బెంచీ మీద కూర్చున్నాం. తాతయ్య కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. పైన ఏసీ సూటిగా ఆయన మీదే కొడుతోంది.

"చలికి కొంకర్లు పోయాయిరా. డబ్బా ఇటియ్యి."

"ఇక్కడా?"

"ఇంకెక్కడ? అక్కడ వేలిముద్ర పెట్టె తెరిచే ఉంది, చూశావా?"

చూశాను. ఆఫీసరు బల్ల మూలన ఊదారంగు మూత పక్కకు తీసి ఉంది. సంచీ అడ్డం పెట్టి డబ్బా తీసిచ్చాను. తాతయ్య మూతను మోకాలి మీద వెల్లకిలా పెట్టుకుని, డబ్బాలోంచి ఒక్కొక్క పురుగునే తీసి అందులో వేస్తున్నాడు. చల్లదనానికి అవి ఇంకా మత్తులో ఉన్నాయి, వేలి వెచ్చదనం తగిలితే కొద్దిగా కదులుతున్నాయి. నేను మనసులో లెక్కపెడుతున్నాను. పన్నెండు దాకా వచ్చేసరికి ఆయన వేళ్లు గట్టు మీదలాగే నడుస్తున్నాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ, ఆమె కూడా టీచరుగా చేసి రిటైరైందట, కళ్లజోడు చేతిలో పట్టుకుని ఇటు వంగింది.

"అక్షింతలాండీ?"

తాతయ్య తల ఎత్తకుండానే, "అలాంటివేనమ్మా," అన్నాడు.

"దేవుడి దగ్గర పెట్టినవా? నా తల మీద కూడా రెండు వెయ్యండి మాస్టారూ. నా ఫైలు ఆర్నెల్లుగా కదలట్లేదు."

"ఇవి ఇంకా పూజలో పెట్టలేదమ్మా. పెట్టాక వేస్తాను."

ఆవిడ కళ్లజోడు పెట్టుకోబోయింది. అదే సమయానికి కౌంటర్‌లోంచి తాతయ్య పేరు పిలిచారు. ఆయన మూత నా చేతికిచ్చి లేచాడు. మూతలోవి డబ్బాలోకి ఒంపి, గబగబా మూసి వెనకే పరిగెత్తాను.

రెండో కార్డు మీద పెన్ను ఎక్కడా ఆగలేదు. "క్ష్మీ" దగ్గర తాతయ్య ఊపిరి బిగబట్టడం మాత్రం నాకు మూడుసార్లూ వినిపించింది. ఆఫీసరు కార్డును ఎత్తి, ఒకదాని కింద ఒకటి స్కేలు పెట్టి చూశాడు. "పాతదానికీ దీనికీ పోలిక లేదండీ," అన్నాడు. తాతయ్య ఏదో అనబోయాడు. "మూడూ మాత్రం ఒకటే," అని ఆఫీసరు స్టాంపు వేసి, ఇంకు పెట్టె మూత మూసేశాడు.

బయట మెట్ల ముందు ఆటోలు అరుస్తున్నాయి. తాతయ్య జేబులో పెన్ను సర్దుకుని, "అన్నీ ఉన్నాయా చూడు," అన్నాడు. పురుగుల డబ్బా గోడ మీద పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను. పొద్దున ఇంట్లో లెక్కపెట్టి వేసినవి అరవై. ఇప్పుడు ఉన్నవి యాభై తొమ్మిది.